ఇంగ్లీషు ‘లైట్’కు ఫిన్నిష్‌లో ఏ మాట ఎక్కడ వాడాలి?

ప్రశ్న
అడిగినవారు: సిరిపురం నర్సు

అందరికీ నమస్కారం. విశాఖపట్నంలో నర్సుగా పనిచేస్తూ, ఫిన్లాండులో ఉద్యోగానికి వెళ్ళాలన్న ఉద్దేశంతో ఫిన్నిష్ భాష నేర్చుకుంటున్నాను. అక్కడ మా వృత్తికి గుర్తింపు రావాలంటే యుకి అనే జాతీయ భాషా పరీక్షలో, ఉన్న ఆరు స్థాయిలలో కనీసం మూడోదైనా సాధించాలి. నాకు దొరికిన పాఠ్యపుస్తకాలూ నిఘంటువులూ అన్నీ ఇంగ్లీషు ద్వారా ఫిన్నిష్ నేర్పేవే. వ్యాకరణం ఎంత కష్టమైనా పట్టికలు రాసుకుని కంఠస్థం చేయవచ్చు. అంతకన్నా ఎక్కువగా నన్ను ఆపుతున్నది ‘లైట్’ అనే చిన్న ఇంగ్లీషు మాట.

నిఘంటువులో ఆ మాట దగ్గర వలొ, కెవ్యుత్, వాలెఅ, వలొయిస, స్యుత్యుత్త్యా, వలైస్త, లియెవ్య, హెయిక్కొ, తులి అని వరుసగా ఇచ్చారు. పక్కన నామవాచకం, విశేషణం, క్రియ అన్న గుర్తులు ఉన్నాయి కానీ, ఏ సందర్భానికి ఏ మాట తగునో చెప్పే ఉదాహరణలు మాత్రం లేవు. వార్డులో మనం మాట్లాడే తెలుగులోనే ఈ మాట ఎన్ని చోట్ల దూరిపోయిందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. లైటు వేయమంటాం, లైట్‌గా తినమంటాం, లైట్‌గా నొప్పి ఉందంటాం, లైట్ బ్లూ మాత్ర అంటాం, రాత్రి నిద్ర లైట్‌గా పట్టిందని రోగి చెబితే అలాగే రాసుకుంటాం. ఇవన్నీ ఫిన్నిష్‌లో వేర్వేరు మాటలని తెలుస్తోంది కానీ, ఏది ఎక్కడో తేల్చుకునే పద్ధతి చిక్కడం లేదు. ఒక్కొక్కటీ విడిగా బట్టీ పట్టడం తప్ప వేరే దారి ఉన్నదా? రోగితో మాట్లాడేటప్పుడు తప్పు మాట వాడితే అర్థం మారిపోతుంది కనుక, ఈ విషయాన్ని పూర్తిగా తెలుసుకోవాలని ఉంది. తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.


జవాబు
రాసినవారు: పెదవాల్తేరు అధ్యాపకుడు

అమ్మా, మీ ప్రశ్నకు సమాధానం చాలావరకు తెలుగులోనే ఉన్నది. మీరు ఇంగ్లీషు మాట నుంచి నేరుగా ఫిన్నిష్ మాటకు వెళ్ళాలని చూస్తున్నారు కనుక దారి తొమ్మిదిగా చీలుతున్నది. మధ్యలో ఒక్క క్షణం ఆగి, ఇక్కడ నేను మాట్లాడేది అచ్చమైన తెలుగైతే ఏ మాట వాడతాను అని ప్రశ్నించుకోండి. వెలుగు, తేలిక, లేత, వెలిగించు అని తెలుగు ఇప్పటికే వాటిని విడదీసి పెట్టింది. ఇంగ్లీషువాళ్ళు ఫిన్నిష్ నేర్చుకునేటప్పుడు కొత్తగా పడవలసిన శ్రమలో సగం మనకు పుట్టుకతోనే తీరిపోయింది.

అసలు ఇంగ్లీషులోనే ఇది ఒక మాట కాదు. వెలుగు అనే అర్థమున్న ‘లైట్’ వేరు, బరువు లేనిది అనే అర్థమున్న ‘లైట్’ వేరు. మొదటిది సంస్కృతంలో ప్రకాశించడమనే అర్థమున్న ‘రుచ్’ ధాతువుకు, ‘లోచనం’ అనే మాటకు దూరపు చుట్టం. రెండోది మన ఛందస్సులో గురువు పక్కన కూర్చునే లఘువుకు, అంటే ‘లఘు’ శబ్దానికి చుట్టం. వేర్వేరు మూలాల నుంచి బయలుదేరిన ఈ రెండూ ఉచ్చారణలో అరిగి అరిగి, చివరకు ఒకే స్పెల్లింగులో వచ్చి కలిశాయి. ఫిన్నిష్ ఆ భాషాకుటుంబానికి చెందినదే కాదు. అది ఎస్తోనియన్‌కు దగ్గరిదీ, హంగేరియన్‌కు దూరపుదీ అయిన యురాలిక్ భాష. కనుక ఇంగ్లీషులో జరిగిన ఆ కలయికతో దానికి ఏ సంబంధమూ లేదు.

ఇక మాటల్లోకి వస్తాను. నేను తెలుగు లిపిలో రాస్తున్న ఫిన్నిష్ మాటలను రాసింది రాసినట్టే, హ్రస్వ దీర్ఘాలూ ద్విత్వాలూ పాటిస్తూ పలకాలి. ‘కెవ్యుత్’లో రెండో అచ్చు మనకు లేదు. పెదవులను ‘ఉ’కు చుట్టినట్టు చుట్టి లోపల ‘ఇ’ పలికితే అది వస్తుంది. ‘స్యుత్యుత్త్యా’ చివర ఉన్నది ‘బ్యాంకు’ అన్నప్పుడు వినిపించే అచ్చు.

వెలుగు, కాంతి అన్న అర్థంలో మాట వలొ. సూర్యుడి వెలుగైనా దీపపు వెలుగైనా ఇదే. గోడకు ఉన్న లైటు కూడా వాడుకలో వలొయే. చేత్తో పట్టుకోగల వస్తువుగా చెప్పాలంటే లంప్పు అంటారు. బరువు లేనిది అంటే కెవ్యుత్. రంగు లేతగా ఉన్నది అంటే వాలెఅ, అందుకే లేత నీలం వాలెఅన్‌సినినెన్ అవుతుంది. బాగా వెలుతురు వచ్చేది అంటే వలొయిస. ఈ చివరి రెండిటినీ కలపకుండా చూసుకోండి. తూర్పు కిటికీలోంచి ఎండ పడే గది వలొయిస. గోడలకు లేత రంగు వేసిన గది వాలెఅ. కిటికీ లేని గదికి తెల్ల సున్నం వేస్తే అది వాలెఅ అవుతుంది కానీ వలొయిస కాదు. ఇంగ్లీషులో ఈ రెండు గదులనూ ‘లైట్ రూమ్’ అనే అనవచ్చు. తెలుగులో మనం వెలుతురున్న గది, లేత రంగు గది అని ఎలాగూ విడదీసే చెబుతాం.

క్రియలు ఇంకా అందంగా కుదురుతాయి. కొవ్వొత్తిని వెలిగించడం స్యుత్యుత్త్యా. కొవ్వొత్తి తనంతట తాను అంటుకోవడం స్యుత్త్యుయ. తెలుగులో వెలుగు, వెలిగించు అనే జంట ఉన్నట్టే అక్కడా ప్రత్యయం చేర్చి ప్రేరణార్థకం చేస్తారు. మనకు ‘ఇంచు’ చేసే పనిని అక్కడ ‘త్తా, త్త్యా’ చేస్తాయి. ఈ రెండిటికీ వేరుగా, దీపం గదినంతా వెలుగుతో నింపడాన్ని వలైస్త అంటారు. మనిషి దీపాన్ని స్యుత్యుత్త్యా చేస్తే, దీపం గదిని వలైస్త చేస్తుంది. అగ్గిపుల్లతో అంటించేదానికీ, స్విచ్చి నొక్కి వేసే లైటుకూ కూడా స్యుత్యుత్త్యా వాడవచ్చు. ఆర్పడానికి సమ్ముత్తా అంటారు.

ఆ దేశంలో డిసెంబరు 6న, అంటే 1917లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న రోజున, సాయంత్రం కిటికీలో రెండు కొవ్వొత్తులు పెట్టే ఆచారం ఉంది. మనం కార్తీకంలో గుమ్మం ముందు దీపం పెడతాం కదా, అలా మనసులో ఒక చిత్రం ఉంటే స్యుత్యుత్త్యా క్యుంత్తిల్య, అంటే ‘కొవ్వొత్తిని వెలిగించడం’, మరిచిపోవడం కష్టం.

నిఘంటువు వాడేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ఇంగ్లీషు మాట దగ్గర దొరికిన ఫిన్నిష్ మాటను అక్కడితో వదలకుండా, ఫిన్నిష్ వైపు నుంచి మళ్ళీ వెతకండి. కెవ్యుత్ దగ్గర బరువు, భోజనం, వ్యాయామం కనబడతాయి. వాలెఅ దగ్గర జుట్టు, చర్మం, రొట్టె, గోడ కనబడతాయి. ఏ నామవాచకాల పక్కన ఆ విశేషణం నిలుస్తున్నదో చూస్తే, దాని హద్దులు వాటంతట అవే తెలుస్తాయి.


జవాబు
రాసినవారు: గాజువాక నుంచి తాంపెరె

మాది గాజువాక. ఇప్పుడు ఫిన్లాండులోని తాంపెరె నగరంలో వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తున్నాను. మాస్టారు చెప్పిన పద్ధతి మంచిదే, నేనూ అలాగే నేర్చుకున్నాను. అయితే తెలుగు మాట మీద పూర్తిగా ఆధారపడితే ఒకచోట దారి తప్పుతాం కనుక, అది చెప్పి తీరాలి.

‘తేలిక’ అంటే మనకు బరువు తక్కువ అనీ అర్థమే, సులువు అనీ అర్థమే. సంచీ తేలికగా ఉంది, పరీక్ష తేలికగా ఉంది అని రెండూ అంటాం. ఫిన్నిష్‌లో సంచీ కెవ్యుత్, పరీక్ష మాత్రం హెల్ప్పొ. పరీక్షను కెవ్యుత్ అంటే వినేవారు ఒక క్షణం ఆగుతారు. ‘లేత’ సంగతీ అంతే. లేత నీలానికి వాలెఅ సరిపోతుంది కానీ, లేత బెండకాయకూ లేత కొబ్బరికీ అది పనికిరాదు. అక్కడ మనం చెప్పేది రంగు కాదు, ముదరలేదని. కాబట్టి తెలుగు మాట తట్టిన తర్వాత, ఆ మాటకు మనం ఇచ్చుకున్న రెండో అర్థం ఇక్కడ అడ్డు వస్తుందా అని కూడా చూడాలి.

ఇక సిరిపురం అక్కగారికి పనిలో కావలసిన మాటలు చెబుతాను. ఇక్కడ మీకు అన్నిటికన్నా ఎక్కువగా అవసరమయ్యేది లియెవ్య. తీవ్రత తక్కువగా ఉన్న నొప్పి, గాయం, జబ్బు, అలర్జీ, చివరకు కోర్టు వేసే చిన్న శిక్ష కూడా లియెవ్యయే. తక్కువ నొప్పి లియెవ్య కిపు, తీవ్రమైన నొప్పి కొవ కిపు. నొప్పి గురించి అడిగేటప్పుడు కెవ్యుత్ అనడం ఇక్కడ వినిపించదు. కొంచెం జ్వరంగా ఉంటే లియెవ్య అనవచ్చు కానీ, మామూలుగా మాట్లాడుకునేటప్పుడు ల్యంపొ, అంటే వెచ్చదనం, కొంచెం ఉందని చెబుతారు. ‘ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది’ అని మన ఇళ్ళలో అనే మాటే అది. ఇది మొదటిసారి విన్నప్పుడు నాకు ఎంతో ఆప్యాయంగా అనిపించింది.

తల తేలిపోతున్నట్టు ఉందని ఇంగ్లీషులో ‘లైట్ హెడెడ్’ అంటారు. ఇక్కడ దానిలో కెవ్యుత్ లేదు, తల కూడా ఉండనక్కరలేదు. మినుఅ హుయిమా అంటారు. మనం ‘నాకు కళ్ళు తిరుగుతున్నాయి’ అన్నట్టే ఇందులోనూ ‘నేను’ కర్తగా రాదు. మంచం మీద నుంచి లేచిన పెద్దవారు ఈ మాట అంటే వెంటనే కూర్చోబెట్టాలి కనుక, ఇది చెవికి బాగా అలవాటు చేసుకోండి. తలనొప్పి ఉన్నవారు వెలుగు చూడలేకపోవడం వలొనర్కూస్. చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేసే మనిషిని హెర్క్క్యఉనినెన్ అంటారు. హెర్క్క్య అంటే సున్నితమైనది. మనం కోడికునుకు అంటాం, వీళ్ళు సున్నితమైన నిద్ర కలవాడంటారు, రెండిటిలోనూ బరువు ప్రసక్తి లేదు.

తిండి విషయంలో కెవ్యుత్ ధైర్యంగా వాడండి. తేలికపాటి భోజనం కెవ్యుత్ అవుతుంది. దుకాణంలో కెవ్యుత్‌మయితొ అని ఉన్న పాలడబ్బా అంటే కొవ్వు 1.5 శాతం ఉన్న పాలు. కానీ టీ పలుచగా ఉంటే, మనం ‘లైట్ టీ’ అనేదానికి, లయిమెఅ అనాలి, అంటే నీళ్ళు ఎక్కువై చిక్కదనం తగ్గినది. చిరుజల్లుకూ చిరుగాలికీ వాతావరణ సూచనల్లో హెయిక్కొ అంటారు, అంటే బలహీనమైనది. అదే హెయిక్కొను మనిషికి వాడితే నీరసంగా, సత్తువ లేకుండా ఉన్నాడని అర్థం. రోగి పరిస్థితి గురించి డాక్టరు ఆ మాట అంటే చాలా జాగ్రత్తగా వినవలసిన మాట అది.

తడబడడానికి ఎక్కువ అవకాశం ఉన్నది వ్యాయామం దగ్గర. ఆపరేషను అయిన రోగికి కొంచెం కొంచెం కదలమని, తేలికపాటి వ్యాయామం చేయమని చెప్పడానికి కెవ్యుత్ లీకున్త అంటారు. కెవ్యుత్ లీకెన్నె అంటే పూర్తిగా వేరు. లీకెన్నె అంటే రాకపోకలు, ట్రాఫిక్. ఈ రెండో మాట నడిచేవారినీ సైకిలు తొక్కేవారినీ కలిపి చెప్పేది. వాళ్ళ కోసం రోడ్డు పక్కన వేసిన దారికి ఆ పేరే పెట్టారు. రోడ్డు మీద రద్దీ తక్కువగా ఉందని చెప్పాలనుకుని కెవ్యుత్ లీకెన్నె అంటే వేరే అర్థం వస్తుంది. ఇక మన మద్దిలపాలెం కూడలిలో ఉండే సిగ్నలు లైట్లను వీళ్ళు లీకెన్నెవలొత్ అంటారు. ఒక్క వాక్యంలో లీకెన్నె ఇటు వలొతోనూ అటు కెవ్యుత్‌తోనూ కలిసి రావచ్చు, ఇంగ్లీషులో రెండు చోట్లా ‘లైట్’ ఉంటుంది.

లైటు వెలుగుతోంది అనడానికి వలొ పలా అంటారు. పలా అంటే కాలుతోంది, మండుతోంది అని. దీపాలు నూనెతో వెలిగిన కాలం నుంచి వచ్చిన మాట విద్యుత్తు వచ్చాక కూడా అలాగే మిగిలింది. బల్బు మాడిపోతే అదే క్రియను గతంలోకి మార్చి ఒన్ పలనుత్ అంటారు. ఇక్కడ ఇంకొక చిక్కు ఉంది. ‘తిరిగి వస్తాడు’ అనడానికి కూడా పలా అనే రూపమే వస్తుంది. డ్యూటీ నర్సు గురించి పలా అన్నారంటే ఆవిడ తిరిగి వస్తారని అర్థం చేసుకోవాలి.

చలికాలానికి ముందే రెండు మాటలు నేర్చుకుని రండి. ఒకటి కిర్కస్‌వలొలంప్పు. హెల్సింకిలో డిసెంబరు చివరి వారాల్లో పగలు ఆరు గంటలు కూడా ఉండదు. విశాఖలో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటల దాకా ఉంటుంది కనుక, ఆ చీకటి మనవాళ్ళకు మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. ఉదయం పూట ఎదురుగా పెట్టుకునే ఆ ప్రకాశవంతమైన దీపానికి అదే పేరు. ఉత్తరాన ఉత్స్‌యొకి వైపు నవంబరు చివర నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడే ఉదయించడు, ఆ కాలానికి కామొస్ అని పేరు. రెండోది హెయ్యస్తిన్. వాహనాల లైటు పడితే మెరిసే చిన్న బిళ్ళ అది. చీకట్లో నడిచేవారు కోటుకు దాన్ని తగిలించుకోవాలి, ఇక్కడ అది చట్టంలో ఉన్న నియమం.


జవాబు
రాసినవారు: హార్బరు విశ్రాంత ఉద్యోగి

పైన ఇద్దరూ చక్కగా చెప్పారు. ఓడల మధ్య పనిచేసినవాడిగా వాళ్ళు తాకని ‘లైటర్’ గురించి రాస్తాను.

ఇంగ్లీషులో ఈ ఒక్క మాట నాలుగు పనులు చేస్తుంది. సిగరెట్టు అంటించుకునే లైటర్ ఫిన్నిష్‌లో స్యుత్యుతిన్, అది మాస్టారు చెప్పిన స్యుత్యుత్త్యా నుంచి పుట్టినదే. ఇంకా తేలికైనది అంటే కెవ్యుఎంపి. ఇంకా లేత రంగుది అంటే వాలెఅంపి. నాలుగోది రేవుపట్టణాల వారికి తెలిసినది. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేనప్పుడు, దాని సరుకును కొంత దించుకుని తీరానికి చేర్చే చదునైన బోటును కూడా లైటర్ అంటారు. ఓడ బరువు తగ్గించేది కాబట్టి ఆ పేరు. ఫిన్నిష్‌లో దానిని ప్రోము అంటారు. 1933లో మన హార్బరు తెరవక ముందు విశాఖలో ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండేవి, సరుకంతా పడవల మీదే ఒడ్డుకు చేరేది. అందుకే ఈ నాలుగో అర్థం నాకు మిగిలిన మూడింటి కన్నా దగ్గరిదిగా అనిపిస్తుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఉన్న లైట్‌హౌసు వంటిది మయక్క. ఆ మాటలో వలొ లేదు, ఇల్లు అనే అర్థమూ లేదు. దీపస్తంభం అని మనం అన్నట్టు రెండు మాటలు అతకకుండా వాళ్ళు ఒకే మాటతో సరిపెట్టారు. ఫిన్లాండు నైరుతి తీరం దగ్గర బెంగ్త్‌షేర్ అనే రాతిదిబ్బ మీద 1906లో కట్టిన మయక్క నార్డిక్ దేశాల లైట్‌హౌసులన్నిటిలోకీ ఎత్తైనది. మనుషులు కాపురముండేంత పెద్ద కట్టడం కాకుండా, దారి చూపడానికి పెట్టిన చిన్న దీపాలను లొయిస్తొ అంటారు. ఒకదాని వెనుక ఒకటి, ఎత్తులో తేడాతో రెండు దీపాలు నిలబెట్టి, ఆ రెండూ ఒకే నిలువు గీతలో కనబడేలా ఓడను నడిపితే ఛానెల్ మధ్యలో ఉన్నట్టు లెక్క. ఆ జంట దీపాల పేరు లిన్యలొయిస్తొ. ఓడ తనకు తాను పెట్టుకునే దీపాలు కుల్కువలొత్, లంగరు మీద ఉన్నప్పుడు పెట్టేది అంక్కురివలొ. చూడండి, ఒడ్డున స్థిరంగా ఉంటే లొయిస్తొ లేదా మయక్క, ఓడతో కదిలితే వలొ. నావికుడికి ఈ తేడా ప్రాణావసరం, భాష ఆ తేడాను మాటలోనే ఉంచింది.

సిరిపురం అమ్మాయికి ఇవన్నీ వార్డులో అక్కరకు రాకపోవచ్చు కానీ, అక్కడ తీరప్రాంతంలో ఉద్యోగం దొరికితే రోగుల్లో ఎందరో నావికులు, జాలరులు ఉంటారు. వారితో ఒక మాట కలపడానికి పనికివస్తాయి.


అడిగినవారి స్పందన
సిరిపురం నర్సు

మాస్టారికీ, గాజువాక చెల్లికీ, హార్బరు పెద్దాయనకూ హృదయపూర్వక నమస్కారాలు. నా పుస్తకంలో ‘లైట్’ అన్న శీర్షిక కొట్టేసి, వెలుగు, తేలిక, లేత, వెలిగించు, తీవ్రత తక్కువ, పలుచన అని తెలుగు శీర్షికలు పెట్టుకుని, ఒక్కొక్కదాని కింద మీరు చెప్పిన మాటలు రాసుకున్నాను. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. నిఘంటువులో ‘లైట్’ దగ్గర తులి ఎందుకు ఉంది? అది నిప్పు కదా. పత్రికల్లో ‘ఒక విషయం వెలుగులోకి వచ్చింది’ అని రాస్తారు, దానికి వలొ వాడవచ్చా? కంగారు పడే మనిషితో మనం ‘లైట్ తీసుకో’ అంటాం, ఆ భావానికి అక్కడ ఏమంటారు? ఈ చివరిది చాలా మామూలు మాటే అయినా, కంగారు పడే రోగులు మాకు ప్రతి పూటా ఎదురవుతారు కనుక అడుగుతున్నాను.


జవాబు
రాసినవారు: పెదవాల్తేరు అధ్యాపకుడు

గాజువాక అమ్మాయి తేలిక, లేత అనే మాటల గురించి చేసిన హెచ్చరిక చాలా విలువైనది. మీ పుస్తకంలో ప్రతి శీర్షిక కింద, ఈ తెలుగు మాట ఎక్కడ పనికిరాదు అని కూడా ఒక వరుస రాసుకోండి.

తులి సంగతి. సిగరెట్టు కాల్చేవాళ్ళు ‘లైట్ ఉందా’ అని ఇంగ్లీషులో అడుగుతారు. ఫిన్నిష్‌లో వెలుగు అడగరు, నిప్పు అడుగుతారు, తెలుగులో ‘నిప్పుందా’ అన్నట్టే. ఆ ప్రశ్నలో తులి అనే మాట తుల్త అనే రూపంలో వస్తుంది. నిప్పులో కొంత అని ఆ విభక్తికి అర్థం. అగ్గిపుల్ల తులితిక్కు. ఉత్తరాకాశంలో రాత్రివేళ కదిలే రంగుల వెలుగులను ఇంగ్లీషు ‘నార్తర్న్ లైట్స్’ అంటే, ఫిన్నిష్ రెవొన్‌తులెత్ అంటుంది, అంటే నక్కమంటలు. మంచు మీద నక్క తోక విసిరితే నిప్పురవ్వలు ఎగిసి ఆకాశానికి అంటుకున్నాయని వాళ్ళ జానపద కథ.

తులి పలికేటప్పుడు మాత్రం జాగ్రత్త. తులి నిప్పు, తూలి గాలి, తుల్లి సుంకం వసూలు చేసే కార్యాలయం. ఇంగ్లీషు మాట్లాడేవారికి ఈ మూడూ ఒకేలా వినిపించి చాలా ఇబ్బంది పడతారు. మనకు కల, కాల, కల్ల వేరు వేరు మాటలని చిన్నప్పటి నుంచీ తెలుసు కనుక, చెవి ముందే సిద్ధమై ఉంది. అలాగే కెవ్యుత్ అంటే తేలికైనది, కెవ్యత్ అంటే వసంతకాలం. తేడా అంతా రెండో అచ్చులోనే ఉంది, దీనికి మాత్రం సాధన కావాలి.

విభక్తులు పదిహేను అని భయపెడతారు కానీ, వాటిలో చాలా భాగం మన ‘లో, లోకి, లోంచి’ వంటివే. వెలుగులో అంటే వలొస్స, వెలుగులోంచి అంటే వలొస్త, వెలుగులోకి అంటే వలోన్. ‘నా దగ్గర దీపం ఉంది’ అనడానికి మినుల్ల ఒన్ లంప్పు అంటారు. ఇంగ్లీషులో కలిగి ఉండడానికి ఒక క్రియ ఉంది, ఫిన్నిష్‌లోనూ తెలుగులోనూ అది లేదు, రెండూ ‘ఉంది’తోనే నడుస్తాయి. మనం రవికి, సీతకు అని ముందున్న అచ్చును బట్టి ప్రత్యయాన్ని మార్చినట్టు, వాళ్ళు తలొస్స అంటే ఇంట్లో, మెత్స్యస్స్య అంటే అడవిలో అని మాటలోని అచ్చులను బట్టి ప్రత్యయం అచ్చు మారుస్తారు. ఇలాంటి పోలికలు చూసే 1856లో కాల్డ్వెల్ అనే భాషావేత్త ద్రావిడ భాషలకూ ఫిన్నిష్ వంటి భాషలకూ చుట్టరికం ఉందని వాదించారు. నేటి భాషాశాస్త్రం ఆ చుట్టరికాన్ని అంగీకరించదు, అయినా ఆ పోలికలు నేర్చుకునేవారికి ఎంతో సాయం చేస్తాయి.

రెండో సందేహానికి వస్తే, ‘ఈ పరిశోధన వెలుగులో’ అని రాయడానికి వలొస్స నిస్సందేహంగా వాడవచ్చు, తెలుగులో వాడినట్టే కుదురుతుంది. కానీ ‘వెలుగులోకి వచ్చింది’ అనడానికి మామూలుగా వాడేది తుల్ల ఇల్మి, బయటపడడం అని భావం. అందులో వెలుగు లేదు. పగటి వెలుగులోకి రావడం అనే పలుకుబడి కూడా ఉంది కానీ, తుల్ల ఇల్మి ముందు నేర్చుకోండి. వెలుగు గురించి మాట్లాడుతున్నాం కనుక ఇంకొక మాట. ఫోటోను వాళ్ళు వలొకువ అంటారు, అంటే వెలుగుచిత్రం. మనం ఛాయాచిత్రం అన్నాం. ఒకే వస్తువుకు ఒకరు వెలుగు వైపు నుంచి, ఒకరు నీడ వైపు నుంచి పేరు పెట్టారు.

‘లైట్’తో మొదలయ్యే ఇంగ్లీషు సమాసాలను ముక్క ముక్కగా అనువదించకండి. మనసుకు బరువు లేకుండా హాయిగా ఉండేవాడని చెప్పాలనుకుని కెవ్యుత్‌మియెలినెన్ అంటే, బాధ్యత లేనివాడు, చపలచిత్తుడు అని తిట్టినట్టవుతుంది. హాయిగా ఉండేవాడు హుఒలెతొన్, చింత లేనివాడు. మనం చేతివాటం అనేదానికి ఇంగ్లీషు తేలికైన వేళ్ళు అంటుంది, ఫిన్నిష్ పిత్క్యక్యున్తినెన్ అంటుంది, అంటే పొడుగాటి గోళ్ళవాడు.

మూడో సందేహం. స్నేహితుల మధ్య ‘లైట్ తీసుకో’ అనే చోట ఒత రెన్నొస్తి అంటారు, బిగుసుకుపోకుండా తీసుకో అని. అది చనువున్న చోటే బాగుంటుంది. ఆసుపత్రిలో పెద్దవారితో ఆ మాట అంటే, వారి బాధను చులకన చేసినట్టు అవుతుంది. వారితో ఎయి హ్యత్యా అనండి. ‘కంగారేం లేదు’ అని మీరు ఇక్కడ అనే మాటకు అది అచ్చంగా సరిపోతుంది, అక్కడి నర్సులు కూడా రోగుల దగ్గర అదే అంటారు. చివరి ‘త్యా’ను దీర్ఘంగా, నెమ్మదిగా పలకండి.